ఆర్‌సింక్‌తో నెట్‌వర్క్ బ్యాకప్: పాత ప్రతులు నిలబెట్టుకోవడం ఎలా?

ప్రశ్న

మా కళాశాల ప్రయోగశాలలోని ఉబుంటు కంప్యూటర్లన్నింటి హోమ్ (యూజర్ల ఫైళ్లు), ఈటీసీ (సిస్టమ్ సెట్టింగులు) డైరెక్టరీలను రోజూ రాత్రి ఒక డెబియన్ సర్వర్‌లోకి బ్యాకప్ తీసే బాధ్యత నాది. ప్రస్తుతం ప్రతి యంత్రంలోనూ క్రాన్ (నిర్ణీత వేళకు పనులు నడిపేది) ద్వారా ఆర్‌సింక్ (మారిన ఫైళ్లను మరో చోటికి కాపీ చేసే పనిముట్టు) నడిచి, ఆర్కైవ్ (అనుమతులు, తేదీలతో సహా కాపీ చేసేది), డిలీట్ ఆప్షన్లతో ఎస్‌ఎస్‌హెచ్ (సురక్షిత రిమోట్ లాగిన్) మీదుగా సర్వర్‌లోని తన డైరెక్టరీకి ఫైళ్లను పంపుతోంది. వేగానికి లోటు లేదు. అయితే సోమవారం పొరపాటున చెరిపేసిన ఫైలును విద్యార్థి బుధవారం వచ్చి అడిగితే ఇవ్వలేకపోతున్నాము. ఆ రాత్రికే డిలీట్ ఆప్షన్ దాన్ని సర్వర్‌లోనూ తీసేస్తోంది. ఆ ఆప్షన్ మానేస్తే అక్కర్లేని ఫైళ్లు పేరుకుపోతాయి. ఒక యంత్రంలో పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ కూడా ఉంది. కమాండ్ లైన్ పనిముట్లతోనే దీన్ని చక్కదిద్దే మార్గం తెలుపగలరు.

మొదటి సమాధానం

మీ దగ్గర ఉన్నది ఒకే ఒక్క నకలు కనుక, అసలుకు జరిగిన నష్టం తెల్లారేలోగా దానికీ జరుగుతుంది. ఇందుకు ఆర్‌సింక్‌లోనే లింక్-డెస్ట్ అనే ఆప్షన్ ఉంది. ప్రతి రాత్రి తేదీ పేరుతో కొత్త డైరెక్టరీలోకి బ్యాకప్ తీస్తూ, నిన్నటి డైరెక్టరీని లింక్-డెస్ట్‌గా చూపించండి. మారని ఫైళ్లకు హార్డ్ లింకులు (డిస్కులోని అదే డేటాకు మరో పేరు) మాత్రమే ఏర్పడతాయి, మారినవే డిస్కులో కొత్తగా చోటు తీసుకుంటాయి. అయినా ఏ తేదీ తెరిచినా ఆ రోజుటి పూర్తి ప్రతి కనిపిస్తుంది. ఏదైనా పాత తేదీని తొలగించినా మిగతా వాటికి ఏమీ కాదు. కొత్త డైరెక్టరీ ఖాళీగా మొదలవుతుంది కాబట్టి డిలీట్ ఆప్షన్ అవసరమే ఉండదు.

ఒక్క విషయంలో చాలామంది తడబడతారు. లింక్-డెస్ట్‌కు సాపేక్ష మార్గం (స్లాష్‌తో మొదలవనిది) ఇస్తే, ఆర్‌సింక్ దాన్ని మీరు కమాండ్ నడిపిన చోటు నుంచి కాక, గమ్య డైరెక్టరీ నుంచి లెక్కిస్తుంది. అక్కడ అది దొరకకపోతే ఒక హెచ్చరిక మాత్రం చూపించి, అన్నింటినీ మళ్లీ పూర్తిగా కాపీ చేస్తుంది. క్రాన్‌లో నడిచేటప్పుడు ఆ హెచ్చరికను చూసేవారుండరు, డిస్కు మాత్రం నిండిపోతుంది. పూర్తి మార్గం ఇవ్వడమే క్షేమం. యూజర్ల ఐడీ సంఖ్యలు యంత్రానికొక రకంగా ఉంటాయి గనుక, ఫైళ్ల యజమానులను పేర్లతో పోల్చకుండా ఆ సంఖ్యలతోనే ఉంచే న్యూమరిక్-ఐడీస్ ఆప్షన్ కూడా చేర్చండి.

రెండవ సమాధానం

పై సలహా సరైనదే, కానీ దిశ కూడా మార్చాలని నా గట్టి అభిప్రాయం. ఇప్పుడు ప్రతి యంత్రానికీ సర్వర్‌లో రాసే హక్కు ఉంది. ఒక యంత్రం దుండగుల చేతిలో పడితే, దాని బ్యాకప్ తేదీలన్నీ వారి చేతికి చిక్కినట్టే. సర్వరే ఒక్కొక్క యంత్రంలోకి వెళ్లి ఫైళ్లను లాక్కునేలా అమర్చండి.

డేటాబేస్ నడుస్తుండగా దాని డైరెక్టరీని ఆర్‌సింక్‌తో కాపీ చేయకండి. ఒక ఫైలు ఒక క్షణానిదీ మరొకటి ఇంకో క్షణానిదీ అయి, ఆ ప్రతి తిరిగి లేవకపోవచ్చు. ముందుగా పీజీ-డంప్‌ను (పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను ఒక ఫైలులోకి తీసే పనిముట్టు) నడిపి, ఆ ఫైలును బ్యాకప్ పరిధిలో పెట్టండి. పీజీ-డంప్‌లో యూజర్లు, పాస్‌వర్డ్‌లు రావు. వాటికి పీజీ-డంప్-ఆల్‌ను గ్లోబల్స్-ఓన్లీ ఆప్షన్‌తో విడిగా నడపాలి.

ప్రశ్న అడిగినవారు

ఇద్దరికీ ధన్యవాదాలు. సర్వరే లాక్కోవాలంటే, అన్ని యంత్రాల రూట్ (సర్వాధికారాలున్న యూజర్) ప్రవేశానికి ఎస్‌ఎస్‌హెచ్ కీ ఒకే చోట ఉంచినట్టవుతుంది కదా? అది మరింత ప్రమాదం కాదా?

రెండవ సమాధానం ఇచ్చినవారు

మీ సందేహం న్యాయమైనదే. ఆర్‌సింక్‌తో పాటే వచ్చే ఆర్‌ఆర్‌సింక్ అనే స్క్రిప్టు ఇందుకు పనికొస్తుంది. ప్రతి యంత్రంలోని ఆథరైజ్డ్-కీస్ ఫైలులో (ప్రవేశానికి అనుమతించిన కీల జాబితా) ఆ కీకి ముందు, చదవడానికి మాత్రమే అనుమతించే ఆర్‌ఓ ఆప్షన్‌తో ఈ స్క్రిప్టును నిర్బంధ కమాండ్‌గా (ఆ కీతో వస్తే అదొక్కటే నడిచేలా) రాయండి. అప్పుడు ఆ కీతో షెల్ (కమాండ్లు ఇచ్చే చోటు) తెరవడం గానీ, ఫైలు రాయడం గానీ కుదరదు. ఫ్రమ్ అనే నియమంతో సర్వర్ ఐపీ నుంచి మాత్రమే ఆ కీ చెల్లేలా కూడా చేయవచ్చు. అయినా పాస్‌వర్డ్ హ్యాష్‌లతో (పాస్‌వర్డ్‌ల మరుగుపరచిన రూపాలు) సహా అన్ని యంత్రాల ఫైళ్లనూ సర్వర్ చదవగలుగుతుంది కనుక, దానిలో వేరే ఏ సర్వీసూ నడపకండి, విద్యార్థులకు లాగిన్ ఇవ్వకండి.