పునాదిలో దొరికిన రాగి బిళ్లలు మ్యూజియంకి ఇవ్వాలంటే?

ప్రశ్న (గార మండలం నుంచి)
పశువుల సాలకి పునాది తీస్తుంటే కూలీ గునపానికి చిన్న ముంత తగిలింది. పెంకు పగిలి, లోపల పచ్చగా చిలుము పట్టిన రాగి బిళ్లలు. ఒకదాని మీద ఏనుగులా ఏదో ఉంది. మా అమ్మ చింతపండుతో తోమేద్దామంటోంది, బావగారు శ్రీకాకుళంలో కంసాలికి చూపిద్దామంటారు. నాకేమో శాలిహుండం మ్యూజియంలో పెడితే బాగుంటుందని. నేరుగా పట్టుకెళ్లి ఇచ్చేయొచ్చా?

జవాబు 1
ముందు అమ్మగారి దగ్గర్నుంచి ఆ చింతపండు లాక్కోండి! తోమితే చిలుముతో పాటు అచ్చు కూడా పోతుంది. మట్టితోనే కాగితంలో చుట్టి పెట్టండి. ముంత పెంకులు పారేయొద్దు. ఎంత లోతులో దొరికాయో రాసుకుని, గోతికి ఫొటో తీయండి.

జవాబు 2
నేరుగా మ్యూజియంకి కాదండీ. 1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ఇంకా అమల్లోనే ఉంది. భూమిలో దొరికినదాని విలువ 10 రూపాయలు దాటితే ఏం దొరికింది, ఎక్కడ, ఏ రోజు అని కలెక్టర్‌కి రాసివ్వాలి. స్థలం మీదైనా, దొరికింది కూలీకి. సొంతదారుడు ఎవరూ లేరని తేలి, మీ ఇద్దరి మధ్య వేరే ఒప్పందం లేకపోతే ముప్పావు వంతు అతనిది, పావు మీది. ప్రభుత్వమే తీసుకుంటే లోహం విలువకి ఐదో వంతు కలిపి ఇస్తుంది. రాగికి ఏమొస్తుందిలెండి! అయినా అర్జీలో అతని పేరు రాయండి.

అడిగినవారు
అతని పేరే ముందు రాస్తాను. సోమవారం గ్రీవెన్స్‌లో ఇస్తాం. బావగారు మాత్రం ఇంకా అలిగే ఉన్నారు.