తలుపు మీద చోటు గొడవ పక్కన పెడితే, టైటానిక్ నీళ్లలో నిజంగా ఎవరు బతికారు?

పాతరీలు
నిన్న రాత్రి ఇంట్లో టైటానిక్ సినిమా మళ్లీ పెట్టాం. హీరోయిన్ రోజ్ తలుపు చెక్క మీద తేలుతుంటే, హీరో జాక్ నీళ్లలోకి జారిపోతుంటే ఇంటర్ చదివే మా అమ్మాయి "ఆ తలుపు మీద ఇంకో మనిషి పడతాడు కదా నాన్నా" అంది. సినిమా 1997 నాటిది, ఈ పంచాయితీ మాత్రం ఇంకా తెగలేదు. నా అనుమానం వేరే. నిజం ఓడలో చార్లెస్ జాకిన్ అని చీఫ్ బేకర్ ఉన్నాడు. ఓడ వెనక భాగంతో పాటే కిందికి దిగి, తల కూడా సరిగ్గా తడవకుండా నీళ్లలోకి వచ్చి, దాదాపు రెండు గంటలు కాళ్లాడిస్తూ తేలానని బ్రిటిష్ విచారణలో చెప్పాడు. 1956 దాకా బతికాడు కూడా. రొట్టెలు కాల్చుకునే ఆయన బతికితే కుర్రాడు జాక్‌కి ఏం రోగం? దర్శకుడు కావాలని చంపాడు. గుండె గట్టిగా ఉన్నవాడు బతుకుతాడు, అంతే.

ఇంజిన్‌రూం
అన్నా, చోటు లెక్క కాదు, తేలే లెక్క. అరటి బోదె మీద ఇద్దరికి చోటుంటుంది, ఇద్దరూ ఎక్కితే ఏమవుతుందో కాలవలో ఆడినవాళ్లందరికీ తెలుసు. పైగా అది తలుపు కూడా కాదు, తలుపు పైన బిగించే నగిషీ చెక్క. కెనడాలో హాలిఫాక్స్ మ్యూజియంలో ఉన్న అసలు ఓడ ముక్కని చూసి చేయించారు. 2023లో సినిమా దర్శకుడు జేమ్స్ కామెరానే ఇద్దరు స్టంట్ ఆర్టిస్టుల్ని చన్నీళ్లలో దింపి పరీక్ష పెట్టాడు. ఇద్దరూ ఛాతీ నీళ్ల పైన ఉండేలా సర్దుకుని, రోజ్ తన లైఫ్ జాకెట్ ఇచ్చి ఉంటే జాక్ బతికేవాడేమో అని ఒప్పుకున్నాడు. "ఏమో" అన్నాడు, గమనించండి. ఆ రాత్రి నీళ్లు మైనస్ రెండు డిగ్రీలు.

గోంగూర_పచ్చడి
మైనస్ రెండా? మరి గడ్డ కట్టాలి కదా బాస్

ఇంజిన్‌రూం
ఉప్పు నీళ్లు. సముద్రం సున్నా దగ్గర గడ్డ కట్టదు.

గోంగూర_పచ్చడి
మా ఇంటి ఫ్రిజ్‌లో ఉప్పేసిన మజ్జిగ గడ్డ కట్టింది మరి

ఇంజిన్‌రూం
ఫ్రీజర్‌లో మైనస్ పద్దెనిమిది ఉంటుంది నాయనా.

పాతరీలు
మజ్జిగ వదిలేయండి. జాకిన్ సంగతికి ఎవరూ జవాబు చెప్పలేదు. ఓడ మునిగే ముందు కేబిన్‌లో మందు తాగొచ్చాడు, ఆ వేడికే తట్టుకున్నాడని కూడా అంటారు.

చలిదేశం
మందు వేడి కాదండీ, దొంగ వేడి. చర్మం కింద రక్తనాళాలు తెరుచుకుని ఒంట్లో ఉన్న వేడి ఇంకా త్వరగా బయటికి పోతుంది. రెండు గంటలన్నది ఆయన నోటి మాట, చీకట్లో గడియారం చూసుకున్నవాడు లేడు. చన్నీళ్లలో పడితే ఏమవుతుందో ఇక్కడ కెనడాలో ఒకటి-పది-ఒకటి అని నేర్పుతారు. మొదటి నిమిషం ఊపిరి మీ చెప్పుచేతల్లో ఉండదు, ఎగరొప్పుతారు. తల నీళ్లలో ఉండగా ఒక్క గుక్క లోపలికి పోతే చాలు. తర్వాత పది నిమిషాల్లో చేతులు చెక్కబారతాయి, తాడు అందినా పట్టుకోలేరు. ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు గంట. అంటే చలికి చచ్చేలోపే చాలామంది మునిగి చస్తారు. టైటానిక్ వాళ్లకి లైఫ్ జాకెట్లు ఉండబట్టి మునగలేదు, తేలుతూ పోయారు.

పాతరీలు
అందరికీ ఒకే లెక్క అయితే 1984లో ఐస్‌లాండ్ జాలరి సంగతేంటి? పడవ బోల్తా పడితే ఐదారు డిగ్రీల నీళ్లలో ఐదారు గంటలు ఈది ఒడ్డుకి చేరాడు. అది సంకల్పం కాక ఏమిటి?

ఇంజిన్‌రూం
ఆయన ఒంటి కొవ్వు మామూలు మనిషి కంటే బాగా మందంగా ఉందని పరీక్షించి తేల్చారన్నా. ఆయనతో పాటు ఈత మొదలుపెట్టినవాళ్లు దారిలోనే పోయారు.

నా గోడు కూడా వినండి. విశాఖలో ట్రెయినింగ్‌లో లైఫ్ జాకెట్ వేసి ఎత్తు నుంచి దూకించారు, మోకాళ్లు పొట్టకి ముడుచుకోవడం, గుంపుగా అతుక్కుని తేలడం నేర్పారు. అంతా గోరువెచ్చటి స్విమ్మింగ్ పూల్‌లో. తీరా మొదటి ఓడలో నాకిచ్చిన ఇమ్మర్షన్ సూట్ (చన్నీళ్లలో ఒళ్లు చల్లబడకుండా తొడుక్కునే సూటు) జిప్పు సగంలో ఇరుక్కుపోయింది. పై ఆఫీసర్‌కి చెబితే "రిజిస్టర్‌లో సంతకం పెట్టు" అన్నాడు. పెట్టాను. సంకల్పం గట్టిగానే ఉంది, జిప్పే లేదు.

పాతరీలు
నీ జిప్పుకీ జాక్‌కీ ఏం సంబంధం? చేతకానివాళ్లు సాకులు వెతుక్కుంటారు. బతకాలనుకున్నవాడు బతుకుతాడు.

చలిదేశం
ఈ మాట ఇంకోసారి అనకండి.

మా పెదనాన్న కొడుకు బెజవాడలో కృష్ణలో ఈది పెరిగినవాడు. ఇక్కడ మే నెలలో చెరువులో మంచు కరిగి కొన్ని వారాలయింది. పైన ఎండ కాస్తోంది, టీ షర్టులు వేసుకుని కూర్చున్నాం. దూకాడు. పైకి రాగానే నోరు తెరిచాడు, కేక రాలేదు. రెండు నిమిషాలు కూడా పట్టలేదు. దినం రోజు చుట్టాలు ఏమన్నారో తెలుసా? "ఈతొచ్చినవాడు ఎలా మునుగుతాడు, తాగి దిగుంటాడు" అని. మా పెద్దమ్మ ఇప్పటికీ నన్నే అడుగుతుంది, వాడు తాగాడా అని. తాగలేదు. మీరు జాక్ గురించి అనుకుంటున్నారు, నాకు మాత్రం వాడి గురించి అన్నట్టే వినిపిస్తోంది.

గోంగూర_పచ్చడి
సారీ అన్నా. మజ్జిగ మాట వెనక్కి తీసుకుంటున్నా

పాతరీలు
మీ అన్నదమ్ముడి సంగతి నాకు తెలియదు, తప్పుగా అనుకోకండి. కానీ అంతా కొవ్వు, జిప్పు, అదృష్టం అంటే పిల్లలకి ఏం చెప్పాలి? మా అమ్మాయి గత ఏడాది పరీక్ష పోయి రెండు నెలలు గది దాటలేదు. గట్టిగా ఉంటే గట్టెక్కుతావని రోజూ చెప్పుకొచ్చాను. అది కూడా అబద్ధమేనంటారా?

చలిదేశం
పరీక్ష పరీక్షే, మైనస్ రెండు మైనస్ రెండే. అమ్మాయికి ధైర్యం చెప్పండి, తప్పు లేదు. నీళ్ల దగ్గరికి వెళ్తే మాత్రం లైఫ్ జాకెట్ వేయండి.

ఇంజిన్‌రూం
అన్నా, మీ ప్రశ్నకి జవాబు ఓడలోనే ఉంది. సుమారు 1,500 మంది పోయారు. ఓడ నుంచి దించిన లైఫ్ బోట్లు చాలావాటిలో ఖాళీలున్నా, జనం మీద పడి ముంచేస్తారని వెనక్కి రాలేదు. ఐదో ఆఫీసర్ లోవ్ తన పడవలోవాళ్లని వేరే పడవల్లోకి సర్ది, అరుపులు తగ్గేదాకా ఆగి వెళ్లాడు. దొరికింది నలుగురు, అందులో ఒకాయన పడవలోనే పోయాడు. మిగిలినవాళ్లలో ఒకాయన చైనా మనిషి. చెక్క మీద తనని తాను కట్టేసుకుని తేలుతున్నాడు. సినిమాకి ఆ సీను తీశారు కూడా, తర్వాత కత్తిరించారు. ఎనిమిది మంది చైనావాళ్లలో ఆరుగురు బతికి న్యూయార్క్ చేరితే, చైనీయుల్ని రానివ్వని చట్టం ఉందని ఒక్క రోజులో బయటికి పంపేశారు. దొంగతనంగా పడవల్లో దాక్కున్నారని పేపర్లలో రాశారు. ఆయన గుండె గట్టిదే, ఒప్పుకుంటా. లోవ్ ఇంకో అరగంట ఆలస్యంగా వెళ్లుంటే?

పాతరీలు
లోవ్ అరగంట ముందే వెళ్లుంటే ఇంకెంతమంది దక్కేవాళ్లో అది కూడా అడగాలి మరి. జాకిన్ విషయంలో నా మాట నాదే. అమ్మాయి పక్కనే కూర్చుని చదువుతోంది, ఆ చైనా ఆయన పేరు అడుగుతోంది.

ఇంజిన్‌రూం
ఫాంగ్ లాంగ్.