నవమి పందిట్లో కచేరీకి టికెట్ పెడితే తప్పేంటి?

అమలాపురం మాస్టారు:
పోయిన ఏడాది జూలైలో మా అబ్బాయి దగ్గరికి జర్మనీ వెళ్లాను. వాడుండేది లిండావ్‌లో. అక్కడ రైలెక్కితే పది నిమిషాల్లో బ్రెగెంజ్, అంటే దేశం మారిపోయి ఆస్ట్రియా, ఇంకాస్త పోతే స్విట్జర్లాండ్. మనవాళ్లు యానాం ఎందుకు వెళ్తారో చెప్పక్కర్లేదు గానీ, అక్కడ జనం సరిహద్దు దాటేది పాట వినడానికి! ఆ బ్రెగెంజ్ సంగీతోత్సవాన్ని 1946లో సరస్సు మీద రెండు పడవలు కట్టి, ఒకదాని మీద పాటల నాటకం, ఇంకోదాని మీద వాద్యాలు పెట్టి మొదలెట్టారట. ఇప్పుడు సరస్సులోనే వేదిక, గట్టున దాదాపు 7,000 సీట్లు. నేను వెళ్లిన రాత్రి జల్లు పడింది. వెనకవాళ్లకి అడ్డమని గొడుగు వేయనివ్వరు. అందరూ ప్లాస్టిక్ కోట్లు తొడుక్కుని కూర్చున్నారు, ఒక్కడు లేవలేదు. ఆదివారం పొద్దున హాల్లో వియన్నా సింఫనీ వాళ్ల కచేరీకి కూడా వెళ్లాం. ఒక భాగం అవగానే నేను చప్పట్లు కొట్టాను, ఒక్కడినే. అన్ని భాగాలూ అయ్యేదాకా కొట్టకూడదట, మావాడు తల దించేసుకున్నాడు.

మన సంగతి చూడండి. ఈసారి నవమి పందిట్లో కచేరీ పెట్టించాం. సరిగ్గా తని, అంటే మృదంగం ఒక్కటే వాయించే ఘట్టం, మొదలయ్యేసరికి పులిహోర బేసిన్ వచ్చింది. సగం పందిరి ఖాళీ. వంద రూపాయలు టికెట్ పెడితే వచ్చిన నలుగురైనా కూర్చుని వింటారు కదా?

పాలకొల్లు పిన్ని:
మాస్టారూ, శంకరగుప్తంలో గాయకుడు బాలమురళి, ద్రాక్షారామంలో వీణ ఈమని శంకరశాస్త్రి, మా ఊళ్లో మాండలిన్ శ్రీనివాస్ పుట్టారు. మీ టికెట్ వల్ల పుట్టలేదండి వాళ్లు. పందిరంటేనే గోడల్లేనిది, టికెట్ పెట్టాలంటే ముందు చుట్టూ పరదా కట్టాలి, కట్టాక రాముడు లోపలా మేం బయటానా? నాకు మోహన రాగం ఏదో కల్యాణి రాగం ఏదో తెలిసింది చిన్నప్పుడు మా అమ్మ పక్కన పందిట్లో నిద్రపోతూ లేస్తూ విన్నందువల్లే. లేచి వెళ్లినవాడు మళ్లీ వస్తాడు. టికెట్ దగ్గర ఆగిపోయినవాడు రాడు.

మృదంగం అబ్బాయి:
లేచి వెళ్లింది నా తనికేనేమో అని అనుమానంగా ఉంది, ఆయ్. టికెట్ పెట్టినా పెట్టకపోయినా మాకిచ్చేది శాలువా, ఫొటో, బస్సు ఛార్జీ. మా ఇంట్లో శాలువాలు ఇరవై పైనే ఉన్నాయి, ఏప్రిల్ ఉక్కలో ఎవరు కప్పుకుంటారు? ఆ ఉక్కకి మృదంగం మూత సడలి శ్రుతి దిగిపోతుంటే ప్రతి కీర్తనకీ ముందు రాయి పట్టుకుని సరిచేసుకోవాలి, అది చూసి జనం ‘ఇంకా మొదలెట్టలేదా’ అంటారు. టికెట్ డబ్బులో మా వాటా ఎంతో ముందు చెప్పండి, అప్పుడు మీ వైపు ఓటేస్తా.

రాజమండ్రి సౌండ్ బాక్స్:
మాస్టారు చూసిన సరస్సు వేదిక దగ్గర ఆర్కెస్ట్రా మీ ఎదురుగా ఉండదు, పక్కనున్న హాల్లో కూర్చుని వాయిస్తారు, బయటికి వచ్చేదంతా స్పీకర్లలోంచే. పాడేవాళ్లకీ మైకులే. అయినా ఏడు వేల మందికి స్పష్టంగా వినిపిస్తుంది. మన పందిట్లోనో? ముందురోజు పెళ్లి ఊరేగింపులో వాడిన డీజే బాక్సులే తెచ్చి పెడతారు. మృదంగం ‘ధబ్ ధబ్’ అని ఒక్కటే మోత, వయొలిన్ కీచుమంటుంది, తంబూరా అసలుండదు. నాకు ఇదే వృత్తి కాబట్టి సిగ్గుపడుతూనే చెప్తున్నా, పులిహోర లేకపోయినా జనం లేస్తారు.

అమలాపురం మాస్టారు:
సౌండ్ సంగతి నిజమే, నేను అటు ఆలోచించలేదు. కానీ ఆ సౌండుకి డబ్బెక్కడిది? అక్కడ కేంద్రం, రాష్ట్రం, ఊరు మూడూ తలా కొంత ఇస్తాయి, అయినా పెద్ద భాగం టికెట్లదే. మన పందిరికి చందాలు తప్ప ఏముంది? పోనీ పరదా వద్దు, ముందు రెండు వరసల కుర్చీలకే టికెట్, వెనక చాపలు ఉచితం, ఆ డబ్బు సగం వాద్యాలవాళ్లకి, సగం సౌండుకి.

పాలకొల్లు పిన్ని:
ముందు రెండు వరసల్లో ఎప్పుడూ కూర్చునేది చందా రాసిన పెద్దలే కదండీ. వాళ్లని వంద రూపాయలు అడిగేది మీరేనా?

మృదంగం అబ్బాయి:
అడిగేవాళ్లు దొరికేలోపు, ఆ పులిహోర మంగళం అయ్యాక తెమ్మని చెప్పండి చాలు.

అమలాపురం మాస్టారు:
చెప్పాను బాబూ. చల్లారిపోతుందట.