అణుయుద్ధం మీద నవ్వొచ్చా? ‘డాక్టర్ స్ట్రేంజ్‌లవ్’ మీద పేచీ

సెకండ్‌షో:
ఈ సినిమా ఇన్నాళ్లూ ఎలా వదిలేశానో! 1964 నాటి నలుపు తెలుపు బొమ్మ, పైగా ప్రపంచం అంతమయ్యే కథ అంటే నిద్ర ఖాయమనుకున్నా. తీరా చూస్తే, దంతాలు పుచ్చకుండా నీళ్లలో ఫ్లోరైడ్ కలపడం కమ్యూనిస్టుల కుట్ర అని నమ్మిన ఓ అమెరికన్ జనరల్ సోవియట్ మీదికి బాంబర్లను పంపించేస్తాడు. వెనక్కి పిలిచే కోడ్ అతనికొక్కడికే తెలుసు. అతను చచ్చాక, కాగితం మీద గీసిన పిచ్చిగీతల్లోంచి ఆ కోడ్ కనిపెట్టిన బ్రిటిష్ అధికారి ప్రెసిడెంట్‌కి ఫోన్ చేద్దామంటే చేతిలో చిల్లర లేదు! కోకాకోలా మెషీన్‌ని కాల్చి చిల్లర తీయమంటే, పక్కనున్న కల్నల్ అది ప్రైవేటు ఆస్తి అని నసుగుతాడు. నవ్వి నవ్వి కడుపు పట్టుకున్నా.

ప్రెసిడెంట్, బ్రిటిష్ అధికారి, ప్రెసిడెంట్‌కి సలహాలిచ్చే శాస్త్రవేత్త స్ట్రేంజ్‌లవ్ ముగ్గురూ పీటర్ సెల్లర్సే అంటే ఇప్పటికీ నమ్మబుద్ధి కావట్లేదు. యుద్ధం గురించి ఇంత నిజం చెప్పిన సినిమా ఇంకోటి లేదు. కాదనేవాళ్లు రండి.

నిదానం:
నేనొచ్చా. నటనతో నాకు పేచీ లేదు. కానీ ఆ బాంబుల కింద ఉన్నవాళ్ల ముఖం ఒక్కటైనా చూపించారా? చివర్లో పుట్టగొడుగు మబ్బులు వరసగా లేస్తుంటే వెనక తీయటి పాట. అప్పటికి హిరోషిమా జరిగి 20 ఏళ్లు కూడా కాలేదు. అందులో కాలినవాళ్లు ఇంకా బతికే ఉన్నారు. అదే 1964లో వచ్చిన ఆత్మకథలో చాప్లిన్ ఏమన్నాడు? నాజీ శిబిరాల్లో జరిగిన ఘోరం ముందే తెలిసుంటే హిట్లర్‌ని ఎగతాళి చేసిన తన ‘ది గ్రేట్ డిక్టేటర్’ తీయగలిగేవాణ్ని కాదని. అంతటివాడే ఆ మాట అన్నాడంటే కాస్త ఆగి ఆలోచించాలి.

గళ్లచొక్కా:
సినిమా బాగుంది. పాత్రల పేర్లలో బూతు కొంచెం ఎక్కువైంది. అంతే.

సెకండ్‌షో:
నిదానం గారూ, చాప్లిన్ మాట గట్టిదే. కానీ దర్శకుడు కూబ్రిక్ నవ్వమన్నది ప్రెసిడెంట్, సైనికాధికారులు సమావేశమయ్యే వార్ రూమ్‌లో బల్ల చుట్టూ కూర్చున్నవాళ్లని చూసి. సోవియట్ ప్రళయ యంత్రం సంగతే తీసుకోండి. దాడి జరిగితే దానంతటదే పేలుతుంది, ఎవరూ ఆపలేరు. అలాంటిది ఉందని శత్రువుకి తెలిస్తేనే కదా భయపడేది! వీళ్లేమో సోమవారం ప్రకటిద్దామని దాచిపెట్టారు. పీటర్ జార్జ్ రాసిన మూల నవల సీరియస్సే. కూబ్రిక్ కూడా మొదట అలాగే తీద్దామనుకున్నాడు. స్క్రిప్టు రాస్తుంటే నవ్వొచ్చే సంగతులే మాటిమాటికీ ఎదురై, వాటిని తీసేస్తే నిజం పోతుందని దారి మార్చాడు.

ఇలాంటిది జరగకుండా జాగ్రత్తలున్నాయని అమెరికా వైమానిక దళం మాటగా మొదట్లోనే ఒక కార్డు వేశారు. ప్రెసిడెంట్ అందుబాటులో లేని అత్యవసర పరిస్థితుల్లో కొందరు సైనికాధికారులే అణ్వాయుధాలు వాడొచ్చని 1950ల్లో ప్రెసిడెంట్‌గా ఉన్న ఐసెన్‌హోవర్ ముందే అనుమతిచ్చిన సంగతి తర్వాతెప్పుడో పత్రాల్లో బయటపడింది. ఇప్పుడు చెప్పండి, అతి చేసింది ఎవరు?

నిదానం:
అదే ఏడాది సిడ్నీ లూమెట్ ‘ఫెయిల్ సేఫ్’ తీశాడు. దాదాపు ఇదే కథ, కామెడీ మాత్రం లేదు. చిన్న గదిలో ప్రెసిడెంట్‌గా హెన్రీ ఫోండా, పక్కన దుబాసీ, మధ్యలో ఫోను. ఆ టెన్షన్‌కి నాకు రాత్రంతా నిద్రలేదు. మీ సినిమా చూసొచ్చి పాట పాడుకుంటూ పడుకున్నా.

సెకండ్‌షో:
అది భయపెడుతుంది, ఒప్పుకుంటా. కానీ అందులో తప్పంతా యంత్రానిది. బల్ల దగ్గరున్నవాళ్లు చాలావరకు పెద్దమనుషులే. ఇందులో యంత్రాలు చెప్పినట్టే పనిచేస్తాయి, తేడా అంతా మనుషుల్లోనే. నన్ను భయపెట్టింది అదే. అది సరే, కోకాకోలా సీన్‌కి మీరు నవ్వలేదా?

నిదానం:
నవ్వాను. నవ్వులో పడి ఆ ఫోన్ ఎవరి ప్రాణాల కోసమో మర్చిపోయాను కూడా. నా పేచీ అక్కడే.