అప్‌డేట్: నాలుగు వేల లోపు డాష్‌క్యామ్, ఆరు నెలల వాడకం తర్వాత

విజయవాడలో రోజూ గొల్లపూడి నుంచి బెంజ్ సర్కిల్ దాకా కారు నడపడానికి నాలుగు వేల రూపాయల లోపు ఏ డాష్‌క్యామ్ (కారు ముందద్దం దగ్గర పెట్టి రోడ్డును రికార్డు చేసే కెమెరా) మంచిదని కొనే ముందు ఇక్కడ అడిగాను. లోపల బ్యాటరీ ఉన్నది ఎండకు పాడవుతుంది, వేడిని బాగా తట్టుకునే కెపాసిటర్ (కరెంటును కాసేపు నిల్వ ఉంచే భాగం) ఉన్నదే తీసుకోమన్న వాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను. మే ఎండలో మధ్యాహ్నమంతా ఆరుబయట నిలబెట్టిన కారులో స్టీరింగ్ మీద చెయ్యి ఆనలేదు కానీ, కెమెరాకు ఏమీ కాలేదు.

నేను చేసిన తప్పు ఒకటుంది. ఇంట్లో పడున్న పాత మెమరీ కార్డు వేశాను. బెంజ్ సర్కిల్ దగ్గర ఎడమవైపు నుంచి దూరిన ఆటో ముందు బంపర్ గీసుకుపోయిన రోజు తీసి చూస్తే, ఆ వారంలో ఒక్క క్లిప్పూ లేదు. ప్రాణం ఉసూరుమంది. ఇప్పుడు మళ్లీ మళ్లీ రికార్డు చేసినా త్వరగా పాడవని 64 జీబీ హై ఎండ్యూరెన్స్ కార్డు వేశాను. నెలకోసారి ఫార్మాట్ చేస్తున్నాను, దయచేసి మీరూ చేయండి.

కుదుపును పసిగట్టే జీ-సెన్సర్ 'హై'లో ఉంటే ప్రతి గుంతకూ ఫైల్ చెరగకుండా లాకై కార్డు నిండిపోయేది, 'లో'కి మార్చాక ఆ టెన్షన్ పోయింది. పగలు ముందు బండి నంబరు స్పష్టంగా చదవొచ్చు. రాత్రి ప్రకాశం బ్యారేజీ మీద ఎదురు లైట్లు పడితే మాత్రం 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వీడియోలో నంబరు ప్లేటంతా తెల్లగా వెలిగిపోతోంది. కారు ఆపి ఉన్నప్పుడూ రికార్డు చేసే పార్కింగ్ మోడ్‌కు ఫ్యూజ్ బాక్స్ నుంచి వైరింగ్ కావాలి, అది ఇంకా చేయించలేదు.