హోమ్ థియేటర్‌లో ఒకటే గుయ్యిమనే మోత

ప్రశ్న: యాంప్లిఫయర్ ఆన్ చేస్తే చాలు స్పీకర్లలో గుయ్యిమని మోత, వాల్యూమ్ పెంచితే అదీ పెరుగుతోంది. సెట్‌టాప్ బాక్స్ టీవీకి, టీవీ నుంచి ఎరుపు తెలుపు వైర్లు యాంప్లిఫయర్‌కి. మెకానిక్ ట్రాన్స్‌ఫార్మర్ మార్చాలంటున్నాడు, నిజమేనా?

జవాబు: అప్పుడే డబ్బులు తగలెయ్యకండి. పవర్ ఆపి, ఇన్‌పుట్ వైర్లన్నీ పీకేసి, స్పీకర్లు మాత్రం ఉంచి మళ్లీ ఆన్ చేయండి. మోత లేకపోతే యాంప్లిఫయర్ బాగున్నట్టే. ఉంటే పవర్ సప్లైలో కెపాసిటర్లు ఉబ్బాయేమో చూపించండి.

జవాబు: నా అనుమానం కేబుల్ టీవీ వైరు మీదే. అది వీధిలో ఎక్కడో ఎర్త్ అయి ఉంటుంది, మీ యాంప్లిఫయరేమో ఇంట్లో ప్లగ్ దగ్గర, ఆ రెండిటి మధ్య కాస్త వోల్టేజీ తేడా ఉన్నా ఆడియో వైరు షీల్డులో (లోపలి తీగ చుట్టూ ఉండే లోహపు తొడుగులో) కరెంటు పారి 50 హెర్ట్జ్ మోత వస్తుంది. గ్రౌండ్ లూప్ అంటే ఇదే. ప్లగ్‌లో మూడో పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, విరగ్గొట్టమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, మోత పోతుందేమో గానీ షాక్ నుంచి రక్షణ కూడా పోతుంది.

ప్రశ్న అడిగినవారు: బాక్స్ వెనక ఆ వైరు తిప్పి తీయగానే టక్కున ఆగిపోయిందండీ! కానీ నాన్నగారికి సీరియల్స్ రావాలి కదా.

జవాబు: టీవీకీ యాంప్లిఫయర్‌కీ ఆప్టికల్ పోర్టు ఉంటే ఎరుపు తెలుపు వైర్లు తీసేసి ఆప్టికల్ కేబుల్ పెట్టండి, అందులో వెళ్లేది వెలుగే కాబట్టి లూప్ ఉండదు. లేదంటే కేబుల్ లైన్‌కి గ్రౌండ్ లూప్ ఐసోలేటర్ బిగించండి, అది సిగ్నల్‌ని పోనిచ్చి ఎర్త్ దారిని మాత్రం తెంచేస్తుంది. డిష్ కనెక్షన్‌కి మాత్రం అది పనికిరాదు, ఎల్‌ఎన్‌బీకి (డిష్ ముందు ఉండి సిగ్నల్ అందుకునే భాగానికి) పైకి వెళ్లే కరెంటు ఆగిపోయి సిగ్నలే రాదు.