ఇటుక గోడలో ఊయల కొక్కెం నిలవడం లేదు

ఒంగోలు దగ్గర కొత్తపట్నంలోని మా ఇంటి వరండాలో వల ఊయల కట్టడానికి రెండు నెలలుగా ప్రయత్నిస్తున్నాను. ఒకవైపు కాంక్రీటు స్తంభం, 11 అడుగుల దూరాన రెండోవైపు తొమ్మిది అంగుళాల ఎర్ర ఇటుక గోడ ఉన్నాయి. స్తంభం వైపు ఇబ్బంది లేదు. గోడలో ఐదున్నర అడుగుల ఎత్తున 10 మి.మీ. యాంకర్ బోల్టు బిగించగా, తొమ్మిదో రోజుకే దాని చుట్టూ పూత వెంట్రుకవాసి పగిలి, ఊయలలో కూర్చున్నప్పుడల్లా ఎర్రటి పొడి రాలసాగింది. దాన్ని తీసి, 12 మి.మీ. బోల్టు పెట్టి, సిమెంటుతో పూడ్చి, వారం రోజులు నీళ్లతో తడిపాక మళ్లీ కట్టాను. రెండు వారాలకు అదీ వదులైంది.

తాడును మరీ బిగువుగా, అడ్డగీతకు 15 డిగ్రీల వాలులోనే కట్టడం నా పొరపాటని తరువాత లెక్క వేసుకుంటే తెలిసింది. ఆ వాలులో నా 75 కిలోల బరువుకు ఒక్కో కొక్కెంపై దాదాపు 145 కిలోల లాగుడు పడుతుంది. 30 డిగ్రీలైతే 75 కిలోలే. వాలు సరిచేయగలను గానీ, ఆ గోడను మాత్రం నమ్మలేకపోతున్నాను. (పైగా ఈ ఉప్పుగాలికి మామూలు ఇనుము ఇట్టే తుప్పు పడుతోంది.)

గోడ మందం గుండా ఇటువైపు నుండి అటువైపుకు రంధ్రం చేసి, అవతలివైపు వెడల్పాటి ఉక్కు పలక పెట్టి, స్టెయిన్‌లెస్ స్టీలు బోల్టుతో బిగిస్తే ఇటుక గోడ ఈ లాగుడును తట్టుకుంటుందా, లేక అక్కడ కొత్తగా కాంక్రీటు స్తంభం వేయించక తప్పదా?